రిజర్వు క్రీడాకారిణి గర్భవతి అయితే?

"బెంచీ మీద కూర్చునే అమ్మాయే కదా, మళ్ళీ కాంట్రాక్టు ఇవ్వకపోతే ఏం?" అంటారు. ఇది కేవలం ఆట విషయమంటే నేనొప్పుకోను.

అమెరికాలో డియరికా హాంబీ లాస్ వేగాస్ బాస్కెట్‌బాల్ జట్టు తరఫున 2019, 2020లలో ఉత్తమ రిజర్వు క్రీడాకారిణిగా నిలిచింది. 2022లో ఒప్పందం పొడిగించిన ఆ జట్టే 2023 జనవరిలో ఆమెను లాస్ ఏంజెలెస్‌కు పంపేసింది. గర్భవతినని చెప్పినందుకే ఈ వేటంటూ ఆమె 2024లో కోర్టుకెక్కింది. ఆట అవసరం కోసమేనని కోచ్ వాదన. ఆ కోచ్ కూడా స్త్రీయే!

జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల పొగాకు గ్రేడింగుకు వెళ్ళే అక్కచెల్లెళ్ళకు ఇదేం కొత్త కాదు. గర్భవతిని పనిలోంచి తీసేశామని ఎవరూ అనరు. వచ్చే సీజనుకు పిలవరు, అంతే.

మొదటి గర్భంతోనే ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం ఊడే నిబంధనను సుప్రీంకోర్టు 1981లో కొట్టేసింది. కాంట్రాక్టు గడువు తీరినా ప్రసూతి ప్రయోజనాలు ఇవ్వాల్సిందేనని 2023లో ఒక డాక్టరు కేసులో చెప్పింది. కానీ ఆమెను మళ్ళీ పనిలోకి తీసుకోమనలేదు. ఆ దొడ్డిదారి ఇంకా తెరిచే ఉంది.

దాన్ని మూయించాలి. గర్భిణికో, బాలింతకో కాంట్రాక్టు మళ్ళీ ఇవ్వకపోతే కారణం రాతపూర్వకంగా చూపే బాధ్యత యజమానిదే కావాలి. ఆట తగ్గిందా? లెక్కలు చూపించండి. చూపలేకపోతే సంతకం పెట్టండి. మన సంఘాలన్నీ ఈ డిమాండును చేపట్టాలి.