నాయనమ్మ పోని కళ్లం

నైజాం రోజుల్లో, దేవరకొండ దగ్గరి మా ఊళ్లో, ఒక ఆదివారం పొద్దున మాదిగ గేరికి దొర మనిషి వచ్చాడు. కళ్లంలో జొన్న కొట్టాలి, ఇంటికొకరు రావాలి అన్నాడు. అది వెట్టి, కూలి అడిగే పని కాదు. మా నాయనమ్మ పోలేదు. కిందటేడే ఊరి చెరువులో బాప్తిస్మం తీసుకుంది. ప్రభువు దినం పనికి రానని, సోమవారం రెండింతలు చేస్తానని చెప్పి పంపింది. చెప్పులకు, మోట బొక్కెనలకు ఏటా మా ఇంటికి రావలసిన గింజలు ఆ ఏడు రాలేదు. చింతగింజలు ఉడకేసుకుని తిన్నామని చెప్పేది.

రక్షణ విశ్వాసం వల్లనా, విధేయత వల్లనా అని మా సంఘాల్లో వాదం లేచినప్పుడల్లా నాకు ఆ కళ్లమే గుర్తొస్తుంది. వాదం పాతది. పౌలు విశ్వాసం అన్నాడు, యాకోబు క్రియలు లేని విశ్వాసం మృతం అన్నాడు. మార్టిన్ లూథర్ 1522లో యాకోబు పత్రికను గడ్డితో పోల్చాడు. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, కాథలిక్కులు కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. రక్షణ కృప వల్లనే, మంచి క్రియలు దాని ఫలాలు అని ఒప్పుకున్నారు. నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. విశ్వాసం గురించి అంత రాసిన పౌలే రోమా పత్రిక మొదట్లో, చివర్లో విశ్వాసాన్నీ విధేయతనూ ఒక్క మాటగా ముడివేశాడు.

చదువురాని నాయనమ్మకు ఈ చర్చలేవీ తెలియవు. ఆ రోజు కళ్లానికి పోతే రక్షణ పోయేదా అని చిన్నప్పుడు అడిగాను. "పోతదని కాదు బిడ్డా. ఆయన నన్ను మనిషిని చేసిండు. మళ్ల గొడ్డు లెక్క ఎట్ల పోదు?" అంది.

విధేయత తెలంగాణ ఊళ్లకు కొత్తగా నేర్పవలసిన సంగతి కాదు. బాంచెన్ దొరా అంటూ తల వంచుకుని నిలబడటంలోనే మావాళ్ల తరాలు గడిచాయి. క్రీస్తుకు లోబడటమంటే వాళ్లకు ముందుగా దొరకు లోబడకపోవడం. ఆ బోధ తెచ్చినవాళ్ల విశ్వాస చరిత్ర కూడా అలాంటిదే. 1890లో నల్లగొండకు వచ్చిన ఏబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్. 1899లో అమెరికా నుంచి వచ్చిన అదే శాఖవాళ్లు తర్వాత నాగర్‌కర్నూల్, దేవరకొండల్లో సంఘాలు కట్టారు. విశ్వాసంలో వాళ్ల పూర్వికులు 1525లో జ్యూరిక్‌లో నగర సభ మాట కాదని పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్నారు. ఆ నేరానికే 1527లో ఫెలిక్స్ మాంజ్‌ను లిమ్మాత్ నదిలో ముంచి చంపారు. (మిషనరీని కూడా మావాళ్లు దొర అనే పిలిచారు. ఆ అలవాటు అంత తొందరగా వదల్లేదు.)

ఇప్పుడు ఉజ్జీవ సభలకు పోతే రెండు బోధలు వింటున్నాను. ఒకటి, చెయ్యెత్తి నమ్ముతున్నానంటే చాలు, రక్షణ వచ్చేసింది. అలా చెయ్యెత్తినవాళ్ల ఊళ్లోనే మాలలకో గుడి, మాదిగలకో గుడి. ఒకే ప్రభువు బల్లకు కలిసి కూర్చోరు. రెండోది, విధేయత లేకపోతే రక్షణ పోతుంది. ఆ విధేయత ఏమిటని అడిగితే దశమభాగం, కూటాలకు హాజరు, పాస్టరు గారికి ఎదురు చెప్పకపోవడం. ఒక సంఘంలో కానుక బాకీ ఉందని ఒక విధవరాలికి బల్ల ఇవ్వకపోవడం నేను కళ్లారా చూశాను. రొట్టె పళ్లెం ఆమె ముందు ఆగకుండా పోయింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. దొర గడీలో విన్న మాటనే గుడిలో వినిపిస్తున్నామని నాకు ఆ రోజు భయమేసింది.

విధేయత గురించి మా సంఘ పెద్దలను నేను అడిగేది ఇదే. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు, అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. ఆ ప్రకటన చదివే ముందు రెండు కుటుంబాలను కూర్చోబెట్టి కట్నం ఎంతని అడగండి. ఉందంటే చదవకండి. 1961 నుంచి చట్టం కూడా కట్నం వద్దనే చెబుతోంది. రక్షణ కొనడానికి చేసే పని కాదిది. పొందామని చెప్పుకుంటున్నవాళ్లం చేయవలసిన పని.

నా పెళ్లి 1979లో అయింది. మా నాన్న రెండెకరాల చెలక అమ్మి కట్నం ఇచ్చాడు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నాక నాయనమ్మను పిలవడానికి పోయాను. పందిరి బయట, గోడ నీడన కూర్చుని ఉంది. ఆకలి లేదంది. ఆ రాత్రి కూడా తినలేదు. ఎందుకని నేను అడగలేదు.