కార్మికుడి మాటకు చోటేది?

ఉద్యోగుల శ్రేయస్సు పేరిట సంస్థలు నడుపుతున్న కార్యక్రమాల్లో యోగా తరగతులకు కొదవ లేదు, ఒత్తిడిని తగ్గిస్తామనే యాప్‌లకూ కొదవ లేదు. పనిచేసే మనిషి తన పని గురించి చెప్పే మాటను విని తీరవలసిన బాధ్యత ఎవరి మీదా లేకపోవడమే అసలు లోటు. ఈ విషయంపై సాగుతున్న చర్చ వినడాన్ని మంచి మేనేజరు గుణంగానో, మానవ వనరుల విభాగం జరిపే సర్వేగానో, యాజమాన్యం చూపే ఔదార్యంగానో చిత్రిస్తున్నది. అది ఔదార్యం కాదనీ, విధి అనీ భారతీయ చట్టం 1987లోనే తేల్చిన సంగతిని పరిశ్రమ వర్గాలే కాదు, ఆ వర్గాలను విమర్శించేవారు కూడా విస్మరిస్తున్నారు.

భోపాల్ దుర్ఘటన తరువాత, 1987లో సవరించిన ఫ్యాక్టరీల చట్టంలోకి సెక్షన్ 41-జి వచ్చింది. ప్రమాదకర ప్రక్రియలు జరిగే, ప్రమాదకర పదార్థాలు వాడే ప్రతి ఫ్యాక్టరీలోనూ భద్రతా కమిటీ, అంటే కార్మికుల ప్రతినిధులూ యాజమాన్య ప్రతినిధులూ సమాన సంఖ్యలో కూర్చునే సంఘం, ఉండాలని అది ఆదేశించింది. ఇంతమంది కార్మికులు ఉంటేనే అన్న షరతు పెట్టలేదు. ఏ ఫ్యాక్టరీకైనా మినహాయింపు ఇవ్వదలచుకుంటే ప్రభుత్వం అందుకు కారణాలను నమోదు చేయాలన్నది. ఆ కమిటీ పరిధిలో భద్రతతో పాటు ఆరోగ్యాన్నీ చేర్చింది. దాని వెన్నంటి వచ్చిన 41-హెచ్, ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు ముంచుకొస్తున్నదని సహేతుకంగా భయపడిన కార్మికులు ఆ విషయాన్ని నేరుగా గానీ కమిటీలోని తమ ప్రతినిధుల ద్వారా గానీ యాజమాన్యానికి తెలిపి, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్ దృష్టికీ తీసుకుపోవచ్చునన్నది. ముప్పు లేదని యాజమాన్యం భావిస్తే చివరి మాట ఇన్‌స్పెక్టర్‌దే.

ఈ సెక్షన్లు ఏ నిర్వహణ శాస్త్ర గ్రంథం నుంచీ పుట్టలేదు. భోపాల్ కర్మాగారంలో 1981 డిసెంబరులో ఫాస్జీన్ వాయువు సోకి ఒక కార్మికుడు మరణించగా, ఆ మరుసటి ఏడాది కార్మిక సంఘం ప్రమాదం పొంచి ఉన్నదని నగరాన్ని బహిరంగంగా హెచ్చరించింది. 1984 డిసెంబరు 2 రాత్రి పదకొండున్నర ప్రాంతంలో కళ్లు మండుతున్నాయనీ, వాయువు కారుతున్నదనీ సిబ్బంది చెప్పినప్పటికీ, టీ విరామం ముగిసిన తరువాత చూద్దామని పైవారు వాయిదా వేసినట్లు తరువాతి పత్రికా పరిశోధనల్లో వెల్లడైంది. ఆ కర్మాగారంలో కొరవడింది సమాచారం కాదు, దాన్ని చెప్పినవారి మాటకు బలం. 41-జి ఆ బలాన్ని చట్టంగా మలచే ప్రయత్నం.

వ్యాయామం, ధ్యానం, కౌన్సెలింగ్ కొందరికి ఊరట ఇవ్వవచ్చు. వాటిని ఎవరూ రద్దు చేయనక్కరలేదు. కానీ బ్రిటన్‌లోని 233 సంస్థలకు చెందిన 46,336 మంది ఉద్యోగుల వివరాలను ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ విశ్లేషించి 2024లో ప్రచురించిన అధ్యయనం, స్వచ్ఛంద సేవ మినహా, వ్యక్తిని సరిదిద్దే ఇటువంటి కార్యక్రమాల్లో పాల్గొన్నవారు పాల్గొననివారికంటే మెరుగైన స్థితిలో ఏమీ లేరని తేల్చింది. పనిభారం, షిఫ్టులు, సిబ్బంది కొరత యథాతథంగా ఉంచి ఉద్యోగికి ఊపిరి పీల్చే పద్ధతి నేర్పితే ఇంతకంటే వేరే ఫలితాన్ని ఆశించలేము.

2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి ఈ విషయంలో ముందుకు పోవలసింది పోయి వెనక్కి నడిచింది. హెచ్చరించే హక్కు అందులో మిగిలింది. కానీ 41-జి ప్రతి ప్రమాదకర ఫ్యాక్టరీకీ నేరుగా తప్పనిసరి చేసిన కమిటీ, ఇప్పుడు సెక్షన్ 22 కింద ప్రభుత్వం ఆదేశిస్తే ఏర్పడేదిగా మారింది. ఇరవై లేదా అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉంటుంది కదా అనే సమాధానం చెల్లదు, ఎందుకంటే అది వ్యక్తుల వివాదాలను వినేందుకు ఉద్దేశించినదే తప్ప, రియాక్టర్ పరిస్థితినో గాలిలోని ధూళినో సమీక్షించేందుకు కాదు.

ఈ సడలింపు తెలుగు రాష్ట్రాలకు దూరపు సంగతి కాదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఫార్మా కర్మాగారంలో జరిగిన పేలుడులో 17 మంది మరణించారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని కర్మాగారంలో జరిగిన పేలుడులో 50 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పాశమైలారంలో యంత్రాలు పాతబడ్డాయని కార్మికులు చెప్పినా యాజమాన్యం పట్టించుకోలేదని ఒక మృతుడి కుటుంబ సభ్యుడు పోలీసులకు ఫిర్యాదు చేశారు. ఆ ఆరోపణను తేల్చవలసింది న్యాయస్థానమే. అయితే ఆ ఏడాదే రోజువారీ పనివేళల పరిమితిని పది గంటలకు పెంచేందుకు పూనుకున్న రెండు ప్రభుత్వాలూ, ప్రమాదకర ఫ్యాక్టరీల్లో కమిటీలు ఎన్ని ఉన్నాయో, అవి ఎన్నిసార్లు సమావేశమయ్యాయో ప్రజల ముందు పెట్టేందుకు మాత్రం అంత తొందర చూపలేదు.

కాంట్రాక్టు కార్మికుడు నోరు మెదపకపోవడానికి కారణం బిడియం కాదు. రేపటి పని కాంట్రాక్టరు చేతిలో ఉండడం. బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చినవాడికి తెలుగులో రాసిన సూచనల పెట్టె వల్ల కలిగే ప్రయోజనం శూన్యం. అందువల్ల రెండు రాష్ట్రాలూ సెక్షన్ 22 కింద, కార్మికుల సంఖ్యతో నిమిత్తం లేకుండా, ప్రతి ప్రమాదకర ఫ్యాక్టరీలోనూ కమిటీని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులు జారీ చేయాలి. కాంట్రాక్టు కార్మికులు ఎన్నుకున్న ప్రతినిధులకు అందులో స్థానం కల్పించాలి. సమావేశపు తీర్మానాలను కార్మికులకు వచ్చిన భాషల్లో గేటు దగ్గర అతికించాలి. హెచ్చరించిన కార్మికుడిని తొలగిస్తే ఆ తొలగింపు ప్రతీకారం కాదని నిరూపించే భారం యజమానిపై ఉంచాలి. ఇందుకు కొత్త సిద్ధాంతమేదీ అక్కరలేదు, 1987లో పార్లమెంటు రాసినదాన్ని చదివితే చాలు. చదవడానికి తీరిక లేదనే ప్రభుత్వాలు తదుపరి పేలుడు తరువాత ఇంకొక విచారణ సంఘాన్ని వేసి, కార్మికులు ముందే ఎందుకు చెప్పలేదని అడిగే హక్కును ఇప్పుడే వదులుకోవాలి.