ఈతకు మించిన లోతు లేదు... కానీ సముద్రం బావి కాదు!

‘ఈతకు మించిన లోతు లేదు, గోచికి మించిన దరిద్రం లేదు’ అన్నారు మన పెద్దలు. దరిద్రం సంగతి గల్ఫ్ బాట పట్టిన మనవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. దాన్ని తప్పించుకోవడానికే కదా అప్పులు చేసి విమానం ఎక్కింది! సామెతలోని మొదటి సగమే ఇప్పుడు ప్రాణాల మీదకు తెస్తోంది. ఊళ్లో బావి ఈత వచ్చినవాడు సముద్రాన్నీ ఈదేస్తాననుకుంటాడు. అసలు రానివాడు మోకాలి లోతులోనే కదా ఉన్నానని ధీమాగా ఉంటాడు. ఇద్దరిదీ పొరపాటే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం ఒక్క 2021లోనే ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. అంటే గంటకు 30 మందికి పైనే! ప్రతి పదిమందిలో తొమ్మిది మంది పేద, మధ్యాదాయ దేశాల వాళ్లే. ఇది పట్టించుకోవాల్సిన సమస్యేనని ఐక్యరాజ్యసమితి 2021లో గుర్తించి, ఏటా జులై 25ను నీటి ప్రమాదాల నివారణ దినంగా ప్రకటించింది.

దేశం మారినా కథ ఒక్కటే

మనవాళ్ల విషయానికే వద్దాం. 2022 జులైలో ఒమన్‌లోని సలాలా దగ్గర ముగ్‌సైల్ తీరంలో ఒక భారతీయ కుటుంబానికి చెందిన వాళ్లను అల లాక్కుపోయింది. వాళ్లు ఈతకు దిగినవాళ్లు కాదు, ఒడ్డున ఉన్నవాళ్లు. అదే ఏడాది నవంబరులో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఓజార్క్స్ సరస్సు ఇద్దరు తెలంగాణ విద్యార్థులను బలి తీసుకుంది. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని టమ్మెల్ జలపాతం వద్ద ఇద్దరు ఆంధ్ర విద్యార్థులు, మే నెలలో అరిజోనాలో ఇద్దరు తెలంగాణ విద్యార్థులు చనిపోయారు. చదువుకున్నవాళ్లయినా, కూలికి వెళ్లినవాళ్లయినా కథ ఒకటే. సెలవు రోజు, నలుగురు స్నేహితులు, తెలియని నీళ్లు.

గల్ఫ్ కార్మికుడికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వేసవిలో పగలంతా ఎండ. బీచ్‌కు వెళ్లే తీరిక చీకటి పడ్డాకే దొరుకుతుంది. చాలా చోట్ల ఆ వేళకు లైఫ్‌గార్డులు ఉండరు. దుబాయ్ మున్సిపాలిటీ 2023లో జుమేరా 2, జుమేరా 3, ఉమ్ సుకీమ్ 1 బీచ్‌లలో లైట్లు, లైఫ్‌గార్డులతో రాత్రి ఈతకు ఏర్పాట్లు చేసింది. ఇలాంటి చోటు ఉన్నప్పుడు, మనుషులు లేని తీరం వెతుక్కుంటూ పోవడం దేనికి?

లోతుకు అంత భయం ఎందుకు?

నిజం చెప్పాలంటే పెద్దల సామెత తప్పేమీ కాదు. ఆరడుగుల నీళ్లయినా అరవై అడుగుల నీళ్లయినా మనిషిని తేల్చేది ఒకేలా. లోతు పెరిగిందని నీళ్లు కిందకు గుంజవు. ఊపిరి నిండా పీల్చుకున్న మనిషి దాదాపుగా తేలే బరువులోనే ఉంటాడు. ఉప్పు నీళ్లలో అది ఇంకా తేలిక. మహాసముద్రాల్లో లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పుంటే, గల్ఫ్ సముద్రంలో 40 గ్రాముల దాకా ఉంటుంది.

మరి ముంచేది ఏమిటి? కాళ్లకు నేల అందకపోవడం. అందలేదనగానే మనిషి బెదిరిపోతాడు. తల పైకెత్తి, చేతులు నీళ్ల మీదకు లేపి కొట్టుకుంటాడు. చేతులు పైకి లేస్తే ఆ బరువుకు తల కిందకు పోతుంది. ఊపిరి తీయబోతే నీళ్లు లోపలికి వెళ్తాయి. అందుకే ఈతలో మొదటి పాఠం చేతులు ఆడించడం కాదు, ఊపిరి.

ముప్పై దాటాక నేర్చుకోవచ్చా?

బేషుగ్గా నేర్చుకోవచ్చు. ఊళ్లో మనవాళ్లు పిల్లల నడుముకు సొరకాయ బుర్రో, టైరు ట్యూబో కట్టి, తాడు పట్టుకుని బావిలోకి దించేవాళ్లు. ఆ పద్ధతిలో మంచి కిటుకుంది. తేలగలననే నమ్మకం ముందు, ఈత తర్వాత. పెద్దవాళ్లకూ అదే వరస. కాకపోతే శిక్షకుడు, లైఫ్‌గార్డు ఉన్న స్విమ్మింగ్ పూల్‌లో మొదలుపెట్టాలి.

మొదట ఛాతీ లోతు నీళ్లలో మొహం ముంచి, ముక్కుతో నోటితో బుడగలు వదలడం. ఆ తర్వాత గోడ పట్టుకుని బోర్లా తేలడం, మోకాళ్లు కడుపు దగ్గరకు తెచ్చుకుని మళ్లీ నిలబడటం. నిలబడటం వచ్చాకే సగం భయం పోతుంది. తర్వాత వెల్లకిలా తేలడం. చెవులు నీళ్లలో మునగాలి, గడ్డం పైకి ఉండాలి, నడుం ఒంగకూడదు. బక్కపలచని వాళ్ల కాళ్లు కిందకు దిగుతుంటే కంగారు పడక్కర్లేదు. మొహం నీటి పైన ఉంటే చాలు. ఆపైన కాళ్లు కొట్టడం, చేతులు వేయడం.

ఇవన్నీ వచ్చాకే లోతు వైపు వెళ్లాలి. నిచ్చెన పట్టుకుని దిగి, గట్టు పట్టుకుని, ఒక్క క్షణం వదిలి మళ్లీ పట్టుకోవాలి. క్షణాన్ని పది సెకన్లు, పదిని ముప్పై చేసుకోవాలి. నిలువుగా ఉండి కాళ్లు సైకిల్ తొక్కినట్టు ఆడిస్తూ, అరచేతులతో నీటిని అటూ ఇటూ నెమ్మదిగా తోస్తుంటే తల పైనే ఉంటుంది. అలసిపోతే వెల్లకిలా తిరగాలి. లోతు నీటిలో అదే మన మంచం!

‘నాకు ఈత వచ్చు’ అని ఎప్పుడు అనుకోవాలి? అమెరికన్ రెడ్‌క్రాస్ ఐదు పరీక్షలు పెట్టింది. తల మునిగే లోతులోకి దూకి పైకి రావాలి. ఒక నిమిషం తేలాలి. చుట్టూ తిరిగి బయటపడే దారి చూసుకోవాలి. 25 గజాలు ఈదాలి. నిచ్చెన లేకుండా గట్టెక్కాలి. ఈ ఐదూ చేయగలిగితేనే ఈత వచ్చినట్టు. బావిలో నాలుగు బారలు వేసినవాళ్లు కూడా ఒకసారి పరీక్షించుకుంటే మంచిది.

సముద్రం లెక్కే వేరు

ఇక సామెత చెప్పని రెండో సగం. ఈతకు మించిన లోతు లేకపోవచ్చు గానీ, ఈతకు మించిన ప్రవాహం ఉంది. బావిలో నీళ్లు కదలవు, నాలుగు బారలేస్తే మెట్టు అందుతుంది. సముద్రంలో ఒడ్డుకొచ్చిన నీళ్లు మళ్లీ లోపలికి పోవడానికి ఒక దారి చేసుకుంటాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. అది సెకనుకు 8 అడుగుల వేగం దాకా అందుకోగలదు. ఒలింపిక్ ఈతగాడికి కూడా దానికి ఎదురీదడం సాధ్యం కాదు.

దీనిలో మోసం ఏమిటంటే, చుట్టూ అలలు విరుగుతుంటే ఆ ఒక్క చోటే ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు అక్కడే దిగుతారు! అది మనిషిని అడుగుకు గుంజదు, లోపలికి మోసుకుపోతుంది. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. వెల్లకిలా తేలి ఊపిరి సర్దుకుని, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డు పట్టాలి. అది చేతకాకపోతే తేలుతూనే చెయ్యెత్తి పిలవాలి.

జెండాలు చూడటం కూడా ఈతలో భాగమే. ఎర్ర జెండా ఒకటుంటే ప్రమాదం, రెండుంటే నీళ్లలోకి దిగనే కూడదు. పైన ఎరుపు, కింద పసుపు ఉన్న జెండాల మధ్య లైఫ్‌గార్డుల కాపలా ఉంటుంది. ఈదేది అక్కడే. మందు తాగినవాళ్లు మాత్రం ఏ జెండా ఉన్నా గట్టునే కూర్చోవాలి.

పక్కవాడు మునుగుతుంటే...

మునిగేవాడు సినిమాలో లాగా కేకలు వేయడు. ఊపిరికే దిక్కులేనప్పుడు అరుపెక్కడిది? ఇరవై సెకన్ల నుంచి నిమిషం లోపే అంతా అయిపోవచ్చు. పక్కన తమ్ముడో, రూమ్మేటో మునుగుతుంటే మనసాగదు, నిజమే. కానీ ఉత్త చేతులతో దూకితే భయంలో వాడు మన మెడే పట్టుకుంటాడు. ఒకటి కావాల్సిన శవపేటిక రెండవుతుంది. ఖాళీ వాటర్ క్యాన్‌కు మూత బిగించి విసరండి. లుంగీ, తాడు, కర్ర, ఏది దొరికితే అది అందించండి. ఫోన్ చేయండి. యూఏఈలో కోస్ట్‌గార్డు 996, సౌదీలో మక్కా, మదీనా, తూర్పు ప్రాంతాల్లో 911, మిగతా చోట్ల 994, కువైట్‌లో 112, ఖతార్, బహ్రెయిన్‌లలో 999, ఒమన్‌లో 9999.

పోయాక ఇచ్చేది, ఉండగా ఇవ్వాల్సింది

ఇసిఆర్ పాస్‌పోర్టుపై వెళ్లే కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి 10 లక్షల బీమా ఉంది. గడువు తీరితే రెన్యూవల్ చేసుకోవాలన్న సంగతి చాలామందికి గుర్తుండదు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. మంచిదే. కానీ ఇవన్నీ మనిషి పోయాక వచ్చే డబ్బులు. మనిషి ఉండగా ఇవ్వగలిగింది ఏమిటి?

మన తెలుగు సంఘాలు క్రికెట్ టోర్నమెంట్లు పెడుతున్నాయి, బతుకమ్మ, సంక్రాంతి ఘనంగా చేస్తున్నాయి. ఏడాదికొకసారి ఒక పూల్ అద్దెకు తీసుకుని, క్యాంపుల్లోని యాభై మందికి రెండు నెలలు ఈత నేర్పించలేవా? సెలవు రోజున కార్మికులను బస్సెక్కించే కంపెనీలు, ఆ బస్సును లైఫ్‌గార్డు ఉన్న బీచ్ దగ్గరే ఆపమని డ్రైవర్‌కు చెప్పలేవా? దీనికి లక్షలు అక్కర్లేదు, పట్టింపు ఉంటే చాలు.

అంతవరకు మన జాగ్రత్త మనదే. ఈత రానివాళ్లు నేర్చుకునేదాకా ఒడ్డునే ఉండండి, అందులో నామోషీ ఏమీ లేదు. నేర్చుకోవడానికి వయసు అడ్డం కాదు. ఈసారి సెలవుకు ఊరెళ్లినప్పుడు పిల్లలకు కూడా నేర్పించే ఏర్పాటు చేసి రండి. ఇంటికి పంపే డబ్బు కంటే ఇంటికి చేరే మనిషి ముఖ్యం.