క్యూ పక్కన యూ లేని మాటలు – మన ఉగాది పోటీ గురించి నాలుగు మాటలు

ఈసారి ఉగాదికి పిల్లల పోటీగా మళ్లీ ఇంగ్లీషు అక్షరాల ఆటే పెడదామని గ్రూపులో పెట్టారు. దానికి నలభై బొటనవేళ్లు పడ్డాయి. నాది పడలేదు. ఎందుకో గ్రూపులో రాస్తే గొడవవుతుందని ఇక్కడ పెద్దగా రాస్తున్నాను. సెక్రటరీగారు నాకు అన్నలాంటివారు, తప్పుగా అనుకోరని ధైర్యం.

పోయినసారి పోటీలో నేను స్కోరు రాశాను. గెలిచిన అబ్బాయి క్యూ, ఐ అని రెండే అక్షరాలు పెట్టి బోలెడు పాయింట్లు కొట్టాడు. క్యూ ఒక్కదానికే పది పాయింట్లు కదా. "అంటే ఏంటి నాయనా?" అన్నాను. "తెలీదంకుల్, కానీ చెల్లుతుంది" అన్నాడు. అది చైనా వాళ్లు ప్రాణశక్తికి పెట్టుకున్న పేరు, పలకడం 'చీ' అని. (మన ఇళ్లల్లో ఆ మాటకి వేరే అర్థం ఉంది, అది మాత్రం వాడికి తెలుసు!) తర్వాత చూస్తే ఫోన్లో జాబితా ఉంది. క్యూ పక్కన యూ లేని మాటలు, జడ్ ఉన్న రెండక్షరాల మాటలు, ఎక్స్‌తో మొదలయ్యేవి. చేతిలో ఉన్న అక్షరాలు కొడితే ఏయే మాటలొస్తాయో చెప్పే సైట్లు బోలెడు. వాణ్ణి తప్పు పట్టను. ఆట గెలవాలంటే అదే దారి.

నా మొదటి గొడవ ఇక్కడే. "దీనివల్ల పిల్లల ఇంగ్లీషు బాగుపడుతుంది" అంటున్నారు. బాగుపడదండీ. నైజెల్ రిచర్డ్స్ అని న్యూజిలాండ్ ఆయన ఉన్నాడు. 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. ఫ్రెంచి మాట్లాడటం రాదు! పదకోశం కంఠస్థం చేసుకొని వచ్చాడు. 2024లో స్పానిష్ పోటీ కూడా అలాగే కొట్టుకుపోయాడు. ఆయన జ్ఞాపకశక్తికి దండం పెట్టాల్సిందే. కానీ అక్కడ మాట అంటే అక్షరాల వరస, అంతే. దాన్ని భాష నేర్చుకోవడం అని మనం పిల్లలకి చెప్తే అబద్ధం చెప్పినట్టే.

ఇంగ్లీషు ఆట చెడ్డదని నేననను. మా ఇంట్లోనూ వర్డిల్ ఆడతారు. అయిదక్షరాలు, ఆరు అవకాశాలు, బాగుంటుంది. కానీ అది ఏడాది పొడుగునా, బళ్లో, ఇంట్లో, ఫోన్లో దొరుకుతుంది. మన సంఘం పండగ ఏడాదికి ఒక్కసారి. ఆ ఒక్కరోజు కూడా దానికే ఇస్తే, 'తెలుగు' అని బోర్డు మీద రాసుకోవడం దేనికి?

"మన పిల్లలకి తెలుగు చదవడం రాదు, ఏం చేస్తాం" అన్నది రెండో మాట. నిజమే. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బళ్లో తమిళం తప్పనిసరి. మన పిల్లల్లో చాలామందికి తెలుగు లిపి అందలేదు. అందుకు వాళ్లేం చేస్తారు? కానీ చెవికి వచ్చు కదా! ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ, గెణుసుగడ్డ – అమ్మ బజారుకి పంపితే వీటిలో ఏది తేవాలో తెలియని పిల్లాడు మన హోసూరు వైపు ఉన్నాడా?

ఇంకో సంగతి. వర్డిల్‌లో ఫలానా చోట ఫలానా అక్షరం ఉండాలి, ఫలానాది ఉండకూడదు అంటుంది చూడండి, అది మన అవధానాల్లో ఎప్పటినుంచో ఉంది. మొదటిది న్యస్తాక్షరి, రెండోది నిషిద్ధాక్షరి. అవధాని దాన్ని పద్యంలో చేస్తాడు, పైగా చుట్టూ గంటలు కొడుతుంటారు, అప్రస్తుత ప్రసంగి ఏదో ఒకటి అడుగుతుంటాడు. మన పిల్లలకి పద్యం అక్కర్లేదు, మాట చాలు.

మొన్న మా ఇంట్లో చేసి చూశాను. కాగితం లేదు, ఫోన్ లేదు. మూడు చప్పట్లు కొట్టి, మూడక్షరాల మాట కావాలి, నడిమి చప్పట్లో 'రు' రావాలి అన్నాను. చెరువు అంది మా చెల్లెలి కూతురు. తర్వాత బరువు, కరువు, పెరుగు వచ్చాయి. అరుగు అంది మా అమ్మ, ఎవరూ అడక్కుండానే. ఎరువు, మెరుపు కూడా వచ్చాయి. ఇక చివర 'వు' రాకూడదు అన్నాను. గోల మొదలైంది. పరుగు, పరుపు దొరికాయి. ఆ పిల్లకి తెలుగులో తన పేరు రాయడం రాదు. అర్థం తెలియకుండా చెప్పిన మాట మాత్రం ఒక్కటీ లేదు. 'అరుగు' అంటే ఏంటని అడిగింది. ఇప్పుడు మన ఇళ్లకి అరుగులు ఎక్కడున్నాయి, మా అమ్మ పాత ఇంటి ఫోటో తీసి చూపించింది. ఆ సాయంత్రం ఆట అక్కడితో ఆగిపోయి కబుర్లయ్యాయి.

కావాలంటే ఇంగ్లీషునూ కలుపుదాం. బ్యాండికూట్ అనే ఇంగ్లీషు మాట మన పందికొక్కు నుంచే పోయింది. అలాంటివి చెప్పిన పిల్లలకి రెండు పాయింట్లు ఎక్కువ ఇద్దాం, నాకు అభ్యంతరం లేదు.

వచ్చే ఆదివారం మీటింగులో ఓటుకి ముందు పది నిమిషాలు ఇవ్వండి, పెద్దవాళ్లతోనే ఆడించి చూపిస్తాను. స్కోరు ఈసారి కూడా నేనే రాస్తాను. ఫోన్లు మాత్రం బయట బల్ల మీద పెట్టి రావాలి, సెక్రటరీగారిది కూడా.