పంచాయతీ కార్యదర్శులు నిలుచుటెట్లు?

తెలంగాణపు గ్రామపంచాయతీలలో పడుచు కార్యదర్శులు నిలుచుట లేదనియు, చేరినది మొదలు మఱియొక పరీక్షకు పుస్తకము పట్టుచున్నారనియు పెద్దలు వగచుచుందురు. ఈ కాలపు పిల్లలకు ఓర్పు లేదని తీర్పు చెప్పుట సులభము. ఓర్పు చాలనిది పిల్లలకో, వారిని కొలువున నిలిపినవారికో విచారింపవలసియున్నది.

2018లో నూతన పంచాయతీరాజ్ చట్టము వచ్చెను. తండాలు, గూడెములు సైతము పంచాయతీలై వాని సంఖ్య 12,700 మించెను. 9,355 జూనియర్ కార్యదర్శుల కొలువులకు సర్కారు పరీక్ష పెట్టగా లక్షలకొలది పట్టభద్రులు పోటీపడిరి. నెగ్గినవారు 2019 ఏప్రిల్‌లో పనిలో చేరిరి. నెలకు 15,000 రూపాయల జీతము, మూడేండ్ల పరీక్షాకాలము. ఆ మూడేండ్లు నిండకమున్నే గడువు నాలుగేండ్లకు పెరిగెను. 2021లో జీతమును 28,719 రూపాయలకు పెంచుట న్యాయమే. కాని ఉద్యోగము స్థిరమని చెప్పువారు లేరైరి. నాలుగేండ్లును గడచిన పిదప 2023 ఏప్రిల్ నెలాఖరున సమ్మెకు దిగిరి. ఆ యేటనే వారిని క్రమబద్ధులను జేయ నిశ్చయమాయెను. పని మెచ్చి యీయవలసినదానిని సమ్మె చేయించి యిచ్చుటచే ఇచ్చినవారికి కీర్తియు లేదు, పుచ్చుకొన్నవారికి తృప్తియు లేదు. తొలి నాలుగేండ్ల సేవను లెక్కింపవలెనను మొర అటుపిమ్మటను వినవచ్చుచునే యుండెను.

ఇక పని మాట. నాటిన మొక్కలలో నూటికి 85 బ్రదుకవలెనని 2018 చట్టమే శాసించినది. బ్రదుకనిచో సర్పంచి పదవికిని, కార్యదర్శి కొలువుకును ముప్పు. వాన కురియకపోయినను, పొరుగువాని మేకలు మేసిపోయినను సంజాయిషీ కార్యదర్శిదే. ప్రొద్దుననే వీధులలో తిరిగి పారిశుద్ధ్యపు పనిని ఫొటో తీసి ఫోనులో పంపవలెను. నర్సరీ, వైకుంఠధామము, ట్రాక్టరు వాయిదా, ఇంటిపన్ను, జనన మరణముల నమోదు, ఉపాధి పనుల లెక్క, సర్వేలు! వీనిలో నేదియు అక్కఱలేనిదని మేమనము. ఆజ్ఞాపించువారు పదుగురు, చేయువాడొకడు, అందే చిక్కున్నది. 2024 ఫిబ్రవరి మొదలు 2025 డిసెంబరు ఎన్నికలవఱకు సర్పంచులే లేరు. కేంద్రపు ఆర్థిక సంఘము నిధులును నిలిచిపోయెను. వీధిదీపమునకును ట్రాక్టరు డీజిలుకును సొంత సొమ్ము పెట్టుచున్నామని కార్యదర్శులు నాడు మొరపెట్టుకొనిరి. జీతగాండ్రు అప్పిచ్చి నడపు సర్కారును ఏమని పిలువవలెనో మాకు తోచకున్నది.

పోనిండు, ఒకడు పోయిన మఱియొకడు వచ్చునందురా? ఊరి జ్ఞాపకము అట్లు చేతులు మాఱునది కాదు. 1984లో పటేలు పట్వారీల కొలువులు రద్దాయెను. వంశపారంపర్యపు అధికారము పోవుట మంచిదే. కాని ఊరి లెక్క తెలిసిన మనిషియు దానితో పోయెను. 2020 సెప్టెంబరున వీఆర్వోలును పోయిరి. 2025లో గ్రామ పాలనాధికారులు వచ్చువఱకు అనేక గ్రామములలో కాగితము తెలిసిన సర్కారు మనిషి పంచాయతీ కార్యదర్శియే. ఏ బోరు ఏ వేసవి నెండునో, ఏ మోరీ ఎవని గోడక్రింద పూడినదో, ఎవరి యిల్లు పన్నుపుస్తకమున కెక్కలేదో ఎఱుగుటకు రెండేండ్లు పట్టును. ఎఱిగిన నాడే అతడు పోయెనేని ఊరు మరల మొదటికి వచ్చును.

జీతమొక్కటే నిలుపదు. తొలి నాలుగేండ్లును సేవలో కలుపవలెను. పదోన్నతి ఏ యేట వచ్చునో ముందే తెలియవలెను. స్త్రీలు గణనీయముగా నున్న కొలువిది. బస్సు లేని తండాకు ఆమెను పంపునపుడు దాపున బస దొరకునో లేదో పై యధికారి చూడవలెను. మొక్క చచ్చిన కారణమును విచారింపకయే మెమో వ్రాయు అలవాటు మానవలెను.

మన చదువరులలో భూవసతి గల పెద్దలు పలువురున్నారు. వారితో ఒకమాట. కార్యదర్శిని ఇంటికి పిలిపించి వరండాలో నిలువబెట్టుటయు, మనవాని ప్రహరీ వీధిలోనికి జరిగినను కన్ను మూసికొమ్మనుటయు, ఇంటిపన్ను బాకీని పరువునకు గుర్తుగా నెంచుటయు ఊళ్లలో నేటికిని కలవు. ఆ పిల్ల కొలువు మాని పోవుటకు హైదరాబాదు సచివాలయమే కారణమనుకొనరాదు. క్రొత్త సర్పంచులు తొలుత బాకీదారుల జాబితాను పంచాయతీ గోడకు అంటింతురుగాక. అందు తమ పేరున్నచో దానినే ముందు చెల్లింతురుగాక.