గాలి మేడలు

ఇంధన విషయమై దేశమున నేడు జరుగుచున్న వాదోపవాదములు పాఠకులకు విదితములే. బొగ్గును విడనాడి సూర్యరశ్మిని, గాలిని ఆశ్రయింపవలెనని ఒక పక్షమువారు వాదించుచున్నారు. అంత తొందర పనికిరాదనియు, నడుమ సహజవాయువు అను వంతెన గలదనియు, దానిమీదుగా మెల్లగా ఆవలి యొడ్డు చేరవచ్చుననియు మరియొక పక్షమువారు బోధించుచున్నారు. ఈ రెండవ పక్షమువారి కోరిక మాటలతో తీరునది కాదు. విదేశములనుండి ద్రవరూపమున వచ్చు వాయువును దింపుకొనుటకు రేవులు కావలెనట; ఆ రేవులనుండి పైపులైనులు కావలెనట; వాని కొసలయందు విద్యుత్కేంద్రములు కావలెనట; ఇన్నింటికిని ప్రభుత్వపు హామీయు, ప్రజల సొమ్ము దాచుకొన్న బ్యాంకుల ఋణమును కావలెనట. ఈ వంతెన మనకు క్రొత్తది కాదు. దానిని మన గోదావరీ తీరముననే ఒకమారు కట్టి చూచినారు. ఆ కథను జ్ఞప్తికి తెచ్చి, దానినుండి నేర్వవలసినదేమో విన్నవించుట మా విధియని తలచుచున్నాము.

2002వ సంవత్సరమున కృష్ణా గోదావరీ సముద్రగర్భమున గొప్ప వాయునిక్షేపము బయటపడినదని ప్రకటింపబడగనే ఆంధ్రదేశమున కలిగిన ఉత్సాహము ఇంతంత కాదు. 2009 ఏప్రిలులో డీ-6 క్షేత్రమునుండి వాయువు వెలువడసాగెను. దినమునకు 8 కోట్ల ఘనపు మీటర్ల వాయువు లభింపగలదని పెద్దలు లెక్కలు గట్టిరి. ఆ లెక్కనే నమ్ముకొని జేగురుపాడు, వేమగిరి, సామర్లకోట, కొండపల్లి మొదలగు తావులందు విద్యుత్కేంద్రములను పెంచిరి, క్రొత్తవి కట్టబూనిరి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత మన పూర్వులు ఊరకనే చెప్పలేదు. 2010లో దినమునకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటిన ఉత్పత్తి ఆ పిమ్మట దిగజారుట మొదలిడెను. 2013 మార్చి నాటికి ఆ క్షేత్రమునుండి విద్యుత్కేంద్రములకు చేరు వాయువు సున్న అయ్యెను.

తప్పెవరిది? భూగర్భము తమ అంచనాలకు లొంగలేదని తవ్వినవారనిరి. తవ్వవలసినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వమువారనిరి. వివాదము మధ్యవర్తుల యెదుటికి పోయెను. వారిలో ఎవరు గెలిచిరో, ఎవరు ఓడిరో తేల్చుట మా ఉద్దేశము కాదు. గోదావరి జిల్లాల ప్రజ మాత్రము నిస్సంశయముగా ఓడినది. సామర్లకోటయందు 2,400 మెగావాట్ల కేంద్రమొకటి కట్టబూనిరి. దానికి వాయువు దొరకలేదు. తుదకు అందలి యంత్రములలో కొంతభాగము బంగ్లాదేశమునకు తరలిపోయెను. దేశమంతటను సుమారు 14,300 మెగావాట్ల వాయు విద్యుత్కేంద్రములు ఇంధనము లేక చిక్కుపడియున్నవని 2019లో పార్లమెంటు స్థాయీ సంఘమువారు నివేదించిరి. ఈ కేంద్రములు ఋణములు తీర్పజాలక కూలబడగా, ఆ ఋణభారము ఎవరి నెత్తిన పడినది? సామాన్యుడు పొదుపుచేసి దాచుకొన్న ధనముతో నడచు ప్రభుత్వ బ్యాంకుల నెత్తిన. లాభము వచ్చియున్నచో అది కట్టినవారిది. నష్టము వచ్చినది గనుక అది అందరిది! ఈ న్యాయము ఏ ధర్మశాస్త్రమునందు గలదో మాకు తెలియదు.

2020 డిసెంబరునుండి అదే సముద్రభాగమున క్రొత్త బావులు తెరువబడి మరల కొంత వాయువు వచ్చుచున్నది కదాయని కొందరు చెప్పవచ్చును. వచ్చినమాట నిజమే. అయితే అది హెచ్చు వెల ఇయ్యగలవారికి వేలమున పోవుచున్నది. ఆ వెలకు కొని విద్యుత్తు తీసినచో దానిని కొనగల రైతెవడు, చేనేతవాడెవడు? ఇంటి ముంగిట పుట్టిన వాయువు సంగతియే ఇట్లుండగా, పరదేశమునుండి ఓడలకెత్తి తెచ్చు వాయువు మాట చెప్పవలెనా? 2022లో ఉక్రెయిను యుద్ధము చెలరేగగనే ఐరోపా ధనికదేశములు ఎంతవెలకైనను వాయువును కొనుటకు సిద్ధపడినవి. ఆసియా విపణిలో ధర మున్నెన్నడు ఎరుగని ఎత్తులకు పోయెను. ఎచ్చటనో రాజులు పోరాడినచో ఇచ్చట దీపము కొండెక్కునట్టి ఏర్పాటును స్వతంత్ర దేశము కోరి నెత్తికెత్తుకొనుట వివేకమగునా? విదేశీవస్త్రమును దహించిన జాతి విదేశీవాయువునకు దాసోహమనుట మాకు మింగుడుపడని సంగతి.

ఇక ధనమును గూర్చిన లెక్క అటుంచి, ప్రాణములను గూర్చిన లెక్కను చూతము. 1995 జనవరిలో కోనసీమయందలి పాశర్లపూడి వద్ద బావి నోరు తెరచుకొని మంటలు లేచినప్పుడు, వానిని చల్లార్చుటకు రెండు మాసములకు పైబడి పట్టినది. 2014 జూను 27వ తేదీ తెల్లవారుజామున నగరము గ్రామమున పైపులైను ప్రేలి, నిద్రలోనున్నవారు నిద్రలోనే ఆహుతియైరి. ఇరువదిమందికి మించి మరణించిరి. కొబ్బరితోటలు బూడిదయయ్యెను. పొడివాయువునకై వేసిన పైపులో నీరును, ద్రవములును కలిసిన తడివాయువును పంపుచుండిరనియు, అందుచే లోపల తుప్పుపట్టి పైపు చిల్లువడినదనియు విచారణలో తేలినది. ఆ పైపు తాటిపాకనుండి కొండపల్లి కేంద్రమునకు వాయువును గొనిపోవునది. వెలుగు ఎచ్చటికో పోయినది. మంట మాత్రము నగరమువారికి దక్కినది. ఇట్టి పైపులైనులు నేటికిని మన పొలముల క్రిందను, ఇండ్ల ప్రక్కనను ప్రాకియున్నవి. క్రొత్తవి వేయుదుమనువారు, పాతవాని స్థితియేమో గ్రామస్థులకు తెలుగున వ్రాసి చెప్పినారా? ఏటేట పరీక్షించి ఆ ఫలితములను పంచాయతీ గోడమీద అంటించినారా? లేదు. కావున వారి ధైర్యవచనములను నమ్ముటకు మాకు ధైర్యము చాలకున్నది.

వాయువు బొగ్గుకంటె శుభ్రమైనదని చెప్పు వాదమును కూడ పరిశీలింతము. మండునప్పుడు దానినుండి వెలువడు బొగ్గుపులుసు వాయువు తక్కువయే, మసి తక్కువయే. కాని మండకమునుపే బావియొద్దను, పైపు అతుకులయొద్దను అది కారిపోయినచో, ఇరువది సంవత్సరముల లెక్కలో బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 80 రెట్లు అధికముగా భూమిని వేడెక్కించునని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. ఎరువుల తయారీకిని, వంటయిండ్లకును, నేడున్న కేంద్రములను అత్యవసర సమయములందు నడుపుటకును మన వాయువును మనము వాడుకొనుటలో మాకు ఆక్షేపణ లేదు. ఉన్నదానిని పొదుపుగా వాడుట వేరు. లేనిదానిని నమ్మి నలుబదియేండ్ల కట్టడములు కట్టుట వేరు.

అయినచో బొగ్గే గతియా? కాదు. దేశమున స్థాపింపబడిన విద్యుచ్ఛక్తి సామర్థ్యములో సగము బొగ్గు, వాయువు, చమురులతో నిమిత్తము లేనిదే అయినదని 2025లో కేంద్రప్రభుత్వమువారు ప్రకటించిరి. కాని సామర్థ్యము వేరు, నిజముగా పుట్టు విద్యుత్తు వేరు. మన యిండ్లలో వెలుగు దీపములలో అత్యధిక భాగము నేటికిని బొగ్గు చలువయే. 1889నుండి ఇల్లందు గనులలో తెలంగాణ శ్రామికుడు తవ్వి తీసిన నల్లని రాయి దక్షిణాపథమునకు వెలుగిచ్చినది. ఆ ఋణమును మరచి ఒక్క కలముపోటుతో గనులు మూయుడని చెప్పువారితో మేము ఏకీభవింపము. గని మూతపడుటకు ముందే గని కార్మికునకు మరియొక పని చేతికందవలెను. సింగరేణి సంస్థ తన భూములలో సౌరకేంద్రములను నెలకొల్పుచుండుట మంచిదే. కాని పలకలు పరచుటతో పని తీరదు, ఆ పలకల ప్రక్కన గని కార్మికుని బిడ్డ ఉద్యోగియై నిలువవలెను.

సూర్యుని నమ్ముట పిచ్చితనమని పరిహసించిన కాలము గతించినది. 2010 ప్రాంతమున యూనిట్ పది రూపాయలకు పైబడియున్న సౌరవిద్యుత్తు, 2017లో రాజస్థానమందలి భడ్లా వేలమున 2 రూపాయల 44 పైసలకు దిగెను. అదే సంవత్సరమున మన కర్నూలు సీమయందు గని, శకునాల గ్రామముల పరిసరములందలి రాతినేలమీద 1,000 మెగావాట్ల సౌరకేంద్రము పనిచేయసాగెను. నవ్విన నాపచేనే పండునన్న మాట అక్షరాల నిజమైనది. సౌరపలకలు సైతము పరదేశమునుండి వచ్చుచున్నవే కదా, ఇదెక్కడి స్వదేశీయని ఎదుటిపక్షమువారు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. పలకను ఒకమారు కొన్నచో ఇరువదియైదు సంవత్సరములు సూర్యుడు వెల లేకయే దానిని నడుపును. వాయువును ప్రతిదినము కొనవలయును. పలకను చేయుట మనవారు నేర్వగలరు, నేర్చుచున్నారు. లేని వాయువును పుట్టించుట ఎవరును నేర్వజాలరు.

ప్రొద్దు గ్రుంకిన పిదప ఏమి చేయుదురని మరియొక ప్రశ్న. ఇందులకు సమాధానము మన కృష్ణానదియందే యున్నది. శ్రీశైలము ఎడమగట్టు కేంద్రమున 150 మెగావాట్ల యంత్రములు ఆరు గలవు. అవి మిగులు విద్యుత్తుతో నీటిని మీదికి తోడి, అవసరమైనప్పుడు అదే నీటిని క్రిందికి వదలి మరల విద్యుత్తు తీయుటకై నిర్మింపబడినవి. నాగార్జునసాగరమునను అట్టి యంత్రములు గలవు. ఇది మన ఇంజనీర్లకు తెలిసిన విద్య. క్రొత్తగా నంద్యాల జిల్లా పిన్నాపురము వద్ద ఇట్టి పెద్ద కేంద్రమునే తలపెట్టినారు. రేవులకును, పైపులకును పోయుదమను ధనమును ఇట్టి నీటి నిలువలకును, బ్యాటరీలకును, విద్యుత్తును మోయు తీగెలకును మరల్చినచో రాత్రివేళ దీపములారవు.

అయితే సూర్యుని పేరు చెప్పినంతమాత్రమున ప్రతి అన్యాయమును న్యాయమగునని మేము అంగీకరింపము. 2010 జూలై 14వ తేదీన సోంపేట బీలభూములను థర్మల్ కేంద్రమునకు ఈయమన్న రైతులపై, మత్స్యకారులపై తుపాకులు ప్రేలినవి. మరుసటి ఫిబ్రవరిలో కాకరాపల్లిలోను అదే జరిగినది. ఆ బీల బొగ్గునకు చెందదు, సూర్యునకును చెందదు; అది సోంపేటవారిది. 2025లో నెల్లూరు జిల్లా కరేడు గ్రామమున సౌరపలకల కర్మాగారమునకై పంటభూములు తీసికొందుమన్నప్పుడు రైతులు వీథికెక్కిరి. పొగ లేని కర్మాగారమైనంతమాత్రమున రైతు కన్నీటికి వేడి తగ్గునా? అట్లే, 2019లో రాష్ట్రప్రభుత్వమువారు తామే వ్రాసికొన్న సౌర, పవన విద్యుత్తు ఒప్పందముల ధరలను తిరగదోడబూనిరి. 2022 మార్చిలో ఉన్నతన్యాయస్థానమువారు ఒప్పందపు ధరనే చెల్లింపవలెనని తీర్పు చెప్పిరి. నడుమ గడచిన కాలమంతయు వృథా. ఒప్పందము చేసికొనునప్పుడే దానిని బహిరంగపరచి, ధర న్యాయమైనదో కాదో ప్రజలయెదుట తేల్చియున్నచో ఈ తిరగదోడుట తప్పియుండెడిది. ముందు చీకటిలో సంతకము, పిదప వెలుగులో కలహము. ఈ పద్ధతి వాయువునకు చెరుపు చేసినది. సూర్యునకును చెరుపే చేయును.

కావున మా సిద్ధాంతము ఒక్కటియే. వాగ్దానముపై కట్టిన కట్టడములకు ప్రజలు రెండుమారులు మూల్యము చెల్లింపరాదు. వాయువు దింపు రేవులు, పైపులు, కేంద్రములు లాభదాయకములని నమ్మువారు తమ సొమ్ముతో, తమ పూచీతో కట్టుకొందురుగాక. ప్రభుత్వపు హామీయు, బ్యాంకుల ఋణమును వానికి ఇయ్యరాదు. పాత పైపులైనుల స్థితిని గ్రామగ్రామమున తెలుగున ప్రకటింపవలెను. క్రొత్త సౌర, పవన కేంద్రములకు భూమి కావలసినచో అమ్మకము కాదు, కౌలు కావలెను; పట్టా రైతు పేరనే యుండి, ఏటేట కౌలు పెరుగుచు, విద్యుత్తు ఆదాయములో గ్రామమునకు భాగముండవలెను. గ్రామసభ వలదన్నచోట వలదనియే అర్థము. విద్యుత్తు కొనుగోలు ఒప్పందములన్నియు సంతకమునకు ముందే ప్రజలకు తెలుపబడవలెను.

ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు 2024 అక్టోబరులో శుభ్రశక్తి విధానమును ప్రకటించి, పదిలక్షల కోట్ల రూపాయల పెట్టుబడులను ఆహ్వానించినారు. 2025 జనవరిలో పూడిమడక వద్ద హరిత హైడ్రోజను కేంద్రమునకు ప్రధానమంత్రి శంకుస్థాపన చేసినారు. సంతోషమే. కాని పదిలక్షల కోట్లన్న మాట విన్నప్పుడు మాకు దినమునకు 8 కోట్ల ఘనపు మీటర్లన్న మాట చెవులలో మ్రోగుచున్నది. అప్పుడును పెద్దపెద్ద అంకెలే చెప్పిరి. అప్పుడును శంకుస్థాపనలే జరిగినవి. అంకెలను నమ్మి మేడలు కట్టినవారు సుఖముగనే యున్నారు. ఆ మేడల నీడన నిలిచినవారే కూలిపోయినారు.

శాసనసభ్యులారా, పార్లమెంటు సభ్యులారా! మీ నియోజకవర్గమునకు రేవో, పైపో, సౌరకేంద్రమో వచ్చినదని తోరణములు కట్టుటకు ముందు ఒక్క ప్రశ్న అడుగుడు: ఇది విఫలమైనచో నష్టము ఎవరిది? సమాధానము కాగితముమీద వ్రాసి ఇయ్యనివాని ఫలకమునకు కొబ్బరికాయ కొట్టకుడు. ప్రజలారా! మీ ప్రతినిధి ఆ ప్రశ్న అడుగనిచో మీరే అడుగుడు. సూర్యుడు ఎవరి సొత్తును కాడు. ఆయన వెలుగును పట్టుటకు పరచు ప్రతి గజము నేలకు మాత్రము యజమాని గలడు. ఆ యజమానిని ప్రక్కకు నెట్టి తెచ్చు వెలుగు మనకు వలదు. ఆతనిని భాగస్థుని చేసికొని తెచ్చు వెలుగే మన దేశమునకు నిలుచును.