పొగ ఎక్కువైతే ఓటమే!

అమెరికాలో రోడ్ల మీద పందేలు కాసే కుర్రాళ్లను ట్రాకు మీదికి రప్పించాలనే 1951లో వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పెట్టారు. అక్కడి డ్రాగ్ రేస్ మామూలుగా పావు మైలు, అంటే 402 మీటర్లే. మలుపులుండవు. ఇంకేం, తొక్కేయడమే అనుకుంటాం కదూ! వెనక చక్రాలతో నడిచే మాన్యువల్ కారుతో అసలు తంటా మొదటి 60 అడుగుల్లోనే. యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కితే చక్రాలు గిర్రున తిరిగి పొగే మిగులుతుంది. తక్కువైతే ఇంజిన్ ఆగిపోతుంది. అందుకే ముందే టైర్లను తిప్పి వేడెక్కిస్తారు. క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఇరుసు విరగొచ్చు కూడా. కారు కదిలాక బరువు వెనక్కి వాలి చక్రాలను నేలకు అదుముతుంది. గట్టిగా తొక్కాల్సింది అప్పుడు. పచ్చదీపం కోసం ఎదురుచూస్తే ఆలస్యం, ముందే ఉరికితే ఎర్రదీపం... ఇంటికే!